నేల టిక్కెట్టు

ఊరిని తలంచుకొనవలసి వచ్చినపుడు మన పెద్దలు గుడిని, చెరువును, బడిని, రచ్చబండను తలంచెదరు. ఆ నాలుగింటిని మేమును మరువలేదు. కాని నిజము చెప్పవలసినచో మా బాల్యమున కన్నులు మూసినను తెరచినను మా ముందు నిలిచినది ఇవి యేవియు గావు. ఊరి చివర సున్నపు గోడలతో నిలిచియుండిన ఒక సినిమా హాలు. గత సంవత్సరము దానిని పడగొట్టిరి. ఇటుకలు ట్రాక్టర్ల కెక్కి పోయినవి. ఏ పత్రికయందును ఆ సంగతి ఒక పంక్తియైనను రాలేదు. రాదగినంత గొప్ప వార్తయు గాదు. అయినను ఆ హాలు మాకు నేర్పిన పాఠ మొకటి యున్నది. పాఠకమహాశయుల ఊళ్ళలోను ఇట్టి హాళ్ళుండెను గనుక, అవియు నిపుడు ఒకటొకటిగా నేలమట్టమగుచున్నవి గనుక, ఆ పాఠమును విన్నవించుట అప్రస్తుతము కాదని తలంచుచున్నాము.

మా ఊరు రేపల్లె. తెనాలినుండి వచ్చు రైలుమార్గము అక్కడితో ముగియును. అటుపైన వరిచేలు, లంకలు, కృష్ణానది, సముద్రము. రైలెట్లు వచ్చి ఆగెడిదో, సినిమాయు నట్లే వచ్చి ఆగెడిది. విజయవాడ గాంధీనగరము నందలి పంపిణీదారుల కార్యాలయములనుండి ఫిల్ము చుట్టలు రేకు పెట్టెలలో వచ్చెడివి. ఆ పెట్టెను అందరు 'బాక్సు' అనెడివారు. 'బాక్సు వచ్చిందా?' అనునది శుక్రవారమునాడు మా వీధిలో కుశలప్రశ్న వంటిది. తెరమీద సెకనునకు 24 బొమ్మలు కదలుటకు నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము కావలెను. అనగా మూడు గంటల చిత్రమునకు 16,200 అడుగులు. మూడు మైళ్ళకు పైమాట. మూడు మైళ్ళ పొడవైన కథను ఒక కూలివాడు నెత్తిన పెట్టుకొని తెచ్చుచున్నాడన్న సంగతి మాకు అపుడు తెలియదు. ఆ పెట్టె వెంట హాలు గేటువరకు పరుగెత్తుట మాత్రము తెలియును.

మధ్యాహ్నము రిక్షాకు రెండు ప్రక్కల బొమ్మలు కట్టి, మైకు పెట్టి, ఊరంతయు త్రిప్పుచు రంగురంగుల కరపత్రములు విసరెడివారు. సాయంకాలము దీపములు పెట్టువేళకు హాలు పైనుండి ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠమున వేంకటేశ్వరుని స్తోత్రగీతము వినవచ్చెడిది. ఆ పాట విని మా తల్లిగారు ఎసరు పెట్టెడివారు. పొలమునుండి వచ్చు కూలీలు అడుగు వేగముగా వేసెడివారు. గడియారములు లేని యిండ్లకు అదియే గడియారము.

హాలు లోపల నాలుగు తరగతు లుండెడివి: నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. తెరకు దగ్గరగా నుండునది నేల. అక్కడ ఆసనమన్నది లేదు. ఇసుక కలిసిన మట్టి. దాని వెనుక వీపున కానుడు లేని బెంచీలు. వాని వెనుక చెక్క కుర్చీలు. అన్నిటికంటె వెనుకను, పైనను బాల్కనీ. అందరకును తెర కనబడవలెనన్నచో నేల పల్లముగను, వెనుకకు పోయినకొలది మెరకగను ఉండవలెను గదా. కనుక హాలు వాలుగా కట్టబడియుండెను. మాకు జ్ఞాపకమున్నంతవరకు నేలకు ఒక రూపాయి, బాల్కనీకి నాలుగు రూపాయలు. ఒక్క రూపాయి నేలకును నాలుగు రూపాయల బాల్కనీకిని నడుమ మనుష్యుని యెత్తున కెన్నియో రెట్లు దూరముండెను. మేము ఎల్లపుడు బాల్కనీలోనే కూర్చుండెడివారము. మా తండ్రిగారికి ఇరువది యెకరముల మాగాణి యుండెను. ఆ మాగాణికి బాల్కనీయే తగినదని ఊరి అభిప్రాయము. మా యభిప్రాయమును అదియే.

ఈ వరుసలు ఎంత కఠినములైనను, ఒక సంగతిని మరువరాదు. ఆంధ్రదేశమున స్థిరమైన సినిమా హాళ్ళకు ఆదియనదగిన బెజవాడ మారుతీ హాలు వెలసినది 1921లో. ఆనాటికి మన దేవాలయములలో పెక్కింటి ద్వారములు హరిజనులకు మూయబడియే యుండెను. మద్రాసు రాజధానిలో ఆలయప్రవేశమునకు సమగ్రమైన శాసనము వచ్చినది 1947లో. ఈ రెండు సంవత్సరములకు నడుమ, 1938లో, గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' చిత్రమును తీసి, గుడి వెలుపల నిలుపబడినవారి కథను తెరమీదికి తెచ్చిరి. సినిమా హాలు సంస్కర్తల సృష్టి గాదు, వ్యాపారుల సృష్టి. అయినను మా హాలు టిక్కెట్ల కిటికీలో గుమాస్తా రూపాయి నడిగెనే గాని కులము నడుగుట మేమెన్నడు నెరుగము. రూపాయి యున్నవాడు లోనికి వచ్చును. ఎక్కడ కూర్చుండునన్నది వేరు మాట. లోనికి మాత్రము వచ్చును. ఇది స్వల్పమని కొందరు తలపవచ్చును. ఇది స్వల్పము గాదని మేము తెలిసికొనిన తీరును చెప్పెదము.

మా పొలమున పనిచేయు పాలేరునకు మా యీడు కుమారు డొక డుండెను. బడిలో మే మిరువురము ఒకే బల్లమీద కూర్చుండెడివారము. అతడు లెక్కలలో మాకంటె చురుకైనవాడు. మమ్ము పేరుపెట్టి, 'నువ్వు' అని పిలిచెడివాడు. 1987 జనవరిలో దూరదర్శనమున ఆదివారము ఉదయము రామాయణము మొదలయ్యెను. మా వీధిలో టెలివిజను ఉన్న ఇండ్లు రెండే; అందు మాది యొకటి. ఇంటిలో మేము చాపలు పరచుకొని చూచెడివారము. పల్లెవారు వచ్చి కిటికీ వెలుపల నిలిచి, ఊచలు పట్టుకొని చూచెడివారు. 1988 జూలైలో ఆ కథ ముగియువరకు మా మిత్రుడు ఆ కిటికీ వెలుపలనే నిలిచెను. మేము అతనిని లోనికి రమ్మని ఒక్క నాడైనను పిలువలేదు. పిలువవచ్చునని మాకు తోచనేలేదు. శ్రీరాముడు గుహుని కౌగిలించుకొనుటను మేము లోపలనుండియు, అతడు వెలుపలనుండియు చూచితిమి.

ఆ వేసవిలోనే మా హాలునకు 'మాయాబజార్' మరల వచ్చెను. ఆ చిత్రము 1957 నాటిది. అప్పటికి ముప్పదియొక్క ఏండ్ల పాతది. అరిగిపోయిన ప్రింటు, తెరమీద వాన కురిసినట్లు గీతలు. అయినను హాలు నిండెను. మేము తండ్రిగారితో బాల్కనీలో కూర్చుంటిమి. తెరమీద 'విశ్రాంతి' అని పడగానే దీపములు వెలిగినవి. సోడా కొరకు మెట్లు దిగి వెలుపలికి వచ్చితిమి. సోడాబండి యొద్ద మా మిత్రుడు నిలిచియుండెను. చొక్కాకు నేలమట్టి అంటియుండెను. మమ్ము చూడగానే అతని ముఖము వికసించెను. పరుగున వచ్చి, మా చేయి పట్టుకొని, 'ఒరేయ్, నువ్వు కూడా వచ్చావా! పాతాళభైరవిలో మాంత్రికుడూ ఘటోత్కచుడూ ఒక్కడేనంటరా!' అనెను. ఎస్. వి. రంగారావుగారిని గూర్చి అతడు కనిపెట్టిన మహారహస్య మది. దానిని మాకు చెప్పవలెనని మొదటి సగమంతయు వేచియుండెను కాబోలు.

మా తండ్రిగారు మా వెనుకనే యుండిరి. వారు ఏమియు ననలేదు. ఆ పట్టుకొనిన చేతివంక మాత్రము చూచిరి. మేము ఆ చేతిని విడిపించుకొంటిమి. అతడెవడో మాకు తెలియనట్లు ముఖము త్రిప్పుకొని సోడా త్రాగితిమి. రెండవ సగమున ఘటోత్కచుడు వివాహభోజనమునకు కూర్చుండినపుడు నేలలోని వారందరు ఈలలు వేసి నవ్విరి. మాకు నవ్వు రాలేదు. మరునాడు బడిలో అతడు మా ప్రక్కనే కూర్చుండెను. కాని మాటాడవలసి వచ్చినపుడు 'బాబుగారూ' అనెను. ఎనిమిదేండ్ల బాలుడు ఎనిమిదేండ్ల బాలుని 'మీరు' అనెను. అతనిని మేము కొట్టలేదు, తిట్టలేదు; అయినను మేము చేసినదేమో అతనికి తెలిసెను, మాకును తెలిసెను.

ఇట్లు రెండేండ్లు గడచెను. 1990 మే మాసము వచ్చెను. బంగాళాఖాతమున వాయుగుండ మొకటి బలపడి కోస్తావైపునకు వచ్చుచున్నదని రేడియో హెచ్చరించెను. మా ప్రాంతమున తుపాను మాట వినగానే ముసలివారి ముఖములు పాలిపోవును. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా జనము సముద్రము పాలైరి. మే 9వ తేదీన తుపాను కృష్ణా ముఖద్వారమునకు చేరువగా తీరము దాటెను. ఆనాడే ఆంధ్రదేశమున 'జగదేకవీరుడు అతిలోకసుందరి' చిత్రము విడుదలయ్యెను. మా హాలునకు ఆ బాక్సు రాలేదు. గోడలమీద కాగితపు బొమ్మలు మాత్రము వచ్చియుండెను. గాలికి అవి చినిగి, దేవకన్య యొక్క సగము ముఖము మా వాకిటిలో పడెను.

సాయంకాలమునకు పల్లెలోని గుడిసెలన్నియు కూలినవి. హాలు యజమాని గేట్లు తెరపించి, జనులను లోనికి పంపుచుండెను. చీకటి పడిన పిదప మా పెంకుటింటి పైకప్పును గాలి లేవనెత్తెను. పెంకులు ఎండుటాకులవలె ఎగిరినవి. మేమును, తల్లిదండ్రులును, నడుములవరకు తడిసి, చీకటిలో ఒకరి నొకరు పట్టుకొని హాలు చేరితిమి. ఇరువది యెకరముల మాగాణి ఆ రాత్రి మాకు తల దాచుకొనుటకు జానెడు చోటు నీయలేదు.

హాలునకు బాల్కనీ మీదను ఆపరేటరు గది మీదను మాత్రమే స్లాబు ఉండెను. తక్కిన భాగమునకు రేకులు. ముందువైపు రేకులు అప్పటికే లేచిపోయినవి. వాన తెరమీదనే కురియుచుండెను. హాలు వాలుగా నుండుటచే నీరంతయు మొదట నేలలోనికి చేరెను. నేలలోనివారు లేచి బెంచీలకు వచ్చిరి. నీరు బెంచీలకు వచ్చెను. అందరు కుర్చీలకు పోయిరి. అర్ధరాత్రమునకు నేల, బెంచి, కుర్చీ తరగతులవారందరు బాల్కనీకి ఎక్కిరి. టిక్కెట్టు చించువాడు మెట్లమీద లాంతరు పట్టుకొని నిలిచి, ముసలివారిని చేయిపట్టి ఎక్కించుచుండెను. అంతకుముందు ఆ మెట్లమీద ఇతర తరగతుల వారిని ఆపుటయే అతని యుద్యోగము.

మేము పైకి చేరునప్పటికి అడుగు పెట్ట చోటు లేదు. మా తండ్రిగారు ఎన్నడు నేలమీద కూర్చుండనివారు, గోడ నానుకొని నిలువబడిరి. అంతలో చీకటిలోనుండి ఒక గొంతు మమ్ము పేరుపెట్టి పిలిచెను: 'ఇట్టా రా. ఇక్కడ చోటుంది. మీ నాన్నగారినీ తీసుకురా.' మా మిత్రుడును అతని తల్లియు ఒకరిపై నొకరు ఒదిగి, జంపకానా కొస పరచి, మాకు చోటిచ్చిరి. మా తండ్రిగారు ఒక క్షణము నిలిచి, తరువాత కూర్చుండిరి. తెల్లవారువరకు మే మందరము ఆ జంపకానామీదనే యుంటిమి. ఎవరును ఎవరిని గూర్చియు ఏమియు ననలేదు. ఆ తుపానులో రాష్ట్రమున వేయిమందికి చేరువగా మరణించిరి. ఆ హాలులో నున్నవారిలో ఒక్కరును మరణింపలేదు.

నీరు తీసిన తరువాత లోకము మరల యథాస్థితికి వచ్చెను. పల్లెవారు పల్లెకు, మేము ఇంటికి పోతిమి. హాలునకు క్రొత్త రేకులు వేసిరి. నాలుగు తరగతులు మరల ఏర్పడెను. కొన్ని నెలలకు ఆలస్యముగా ఆ బాక్సు వచ్చెను. ఆనాడు మేము తండ్రిగారికి చెప్పకుండ రెండు రూపాయలు తీసికొనిపోయి రెండు నేల టిక్కెట్లు కొంటిమి. మా మిత్రుడు నమ్మలేక చూచెను. జీవితమున మొదటిసారి మేము తెరను క్రిందినుండి చూచితిమి. బాల్కనీనుండి చూచినపుడు తెరమీదివారు మనుష్యుల ప్రమాణముననే యుండెడివారు. నేలనుండి చూచినపుడు వారు ఆకాశమంత యుండిరి. నేలలో కూర్చుండువారు ఎందుకంతగా నవ్వెదరో, ఎందుకంతగా ఏడ్చెదరో, ఎందుకు హారతి పళ్ళెములు తెచ్చెదరో ఆనాడు తెలిసెను. చొక్కాకు మట్టితో ఇంటికి పోతిమి. తండ్రిగారు ఆ మట్టిని చూచి, 'మెడ నొప్పి పుట్టలేదా?' అని మాత్రము అడిగిరి.

మా మిత్రుడు పదవ తరగతి ముగించి చదువు మానెను. లెక్కలలో మాకంటె చురుకైనవాడు ఎందుకు మానవలసివచ్చెనో, మేమెందుకు కళాశాలకు పోగలిగితిమో పాఠకులకు వివరింపనక్కరలేదు. అతడు ఆ హాలులోనే ఆపరేటరునకు సహాయకుడుగా చేరెను. సెలవులకు వచ్చినపుడెల్ల మేము ఆ గదికి పోయెడివారము. అచట రెండు యంత్రములుండెను. ఒకదానిలో చుట్ట ముగియబోవునపుడు తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరయును. రెండవమారు ఆ చుక్క మెరయగానే రెండవ యంత్రము అందుకొనవలెను. చూచువారికి అతుకు తెలియరాదు. దీపమన్నచో నేటి దీపము గాదు. రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా నిలిపి, నడుమ విద్యుత్తును పారించి పుట్టించు నిప్పు. కడ్డీలు కాలి కురచయగుచుండును; ఎడము పెరుగకుండ వానిని దగ్గరకు జరుపుచుండవలెను. ఏమరినచో తెర మసకబారును. అపుడు నేలలోనుండి కేకలు వచ్చెడివి. 'వెలుగు తగ్గితే ముందు అరిచేది నేలవాళ్ళే, బాల్కనీవాళ్ళు కాదు' అని అతడు నవ్వుచు చెప్పెడివాడు. ఆ మాట సినిమాకే చెందునది గాదని మాకు తరువాత తోచెను.

కార్బన్ కడ్డీలు పోయి క్రొత్త దీపములు వచ్చినవి. 2005 తరువాత ఫిల్ము చుట్టలే పోవుట మొదలిడెను; ఒక దశాబ్దము గడచునప్పటికి చిత్రములు గణకయంత్రములనుండియే తెరకెక్కుచుండెను. బాక్సు కొరకు ఎవరును ఎదురుచూడనక్కర లేకపోయెను. హాలులోనికి వచ్చువారును తగ్గిరి. ఇపుడు ప్రతివాని చేతిలోను ఒక తెర యున్నది. అది జేబులో నిముడును. ప్రతివాడు తన బాల్కనీలో తానొక్కడే కూర్చుండును. ప్రక్కవాడు నవ్వుట వినబడదు. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమందలి హాళ్ళన్నియు మూతపడెను. పెక్కు హాళ్ళు తరువాత తెరచిరి. మా హాలు మరల తెరువబడలేదు.

గత సంవత్సరము మా మిత్రుడు టెలిఫోనున పిలిచి, 'హాలు కొడుతున్నారు. చూడ్డానికి వస్తావా?' అనెను. పోయితిమి. కప్పు లేదు, గోడలు సగము లేవు. అతడును మేమును నేల తరగతి యుండినచోట నిలిచితిమి. అక్కడ వివాహమండపము కట్టుదురట. పనివారు మట్టి తెచ్చి పల్లమును పూడ్చుచుండిరి. నేలయు, బెంచియు, కుర్చీయు ఒకే యెత్తునకు వచ్చుచుండెను. మా మిత్రుడు దానిని చూచి, 'మొత్తానికి నేల సమానం చేశార్రా' అనెను. కొంతసేపటికి మరల అతడే, 'కాని ఇప్పుడు లోపలికి రావాలంటే శుభలేఖ ఉండాలి' అనెను.

మేము చెప్పదలచినదంతయు అతడు రెండు మాటలలో చెప్పెను. ఆ వాలు హాలులో అన్యాయమున్నది. దానిని మేము దాచలేదు. ఎక్కువతక్కువలను అది మట్టితోను సిమెంటుతోను కట్టి చూపెను. కాని దానికి తలుపు లేదు, రూపాయి తప్ప. తెలియనివాని ప్రక్కను తెలియనివాడు కూర్చుండి, ఒకే దుఃఖమునకు కన్నీరు పెట్టెను. గాలివాన వచ్చినపుడు ఆ కప్పుక్రింద ఊరంతయు పట్టెను. నేడు కట్టుచున్న మండపములు చల్లనివి, అందమైనవి, సమతలమైనవి. అందు మనము మనవారినే చూచెదము. మనవారు కానివారిని చూచుట కిక ఊరిలో చోటేది?

హాళ్ళను మరల కట్టించుడని మేము కోరము. గడచిన కాలము కోరికలచే మరలదు. మండపములు కట్టువారిలోను, వానిని అద్దెకు తీసికొనువారిలోను మన పాఠకులు పెక్కుమంది యున్నారు. వారికి మా విన్నప మొక్కటే. ఆషాఢమున ముహూర్తములు లేవు; పుష్యమున లేవు; మౌఢ్యము వచ్చినపుడు లేవు. ఆ దినములలో మండపములు తాళములు వేసికొని ఊరకయుండును. ఆ శూన్యమాసములలో వారమున కొక్క సాయంకాలము ఆ తలుపులు తెరచి, గోడకొక తెల్లని బట్ట కట్టి, ఒక మంచి చిత్రమును వేయుడు. శుభలేఖ అడుగకుడు. కుర్చీలు వలదు, జంపకానాలు పరచిన చాలును. మీ బిడ్డలను తీసికొనిపొండు. విశ్రాంతి వేళ వారి చేయి ఎవరైన పట్టుకొనినచో, ఆ చేతివంక చూడకుడు.